ఒకరు రాసిన మాట, తను రాసుకున్న మాట

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటితే చిట్యాల. ఆ పైన నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, చివరికి కోదాడ. పాత నల్లగొండ జిల్లా సినిమాకు ఇచ్చిన ముగ్గురు పేరున్న నటుల ఊర్లు ఈ రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవే. కోదాడ దగ్గరి గుడిబండ కాంతారావుది. సూర్యాపేటకు ఎగువన ఉన్న తుంగతుర్తి డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిది. కోదాడ వేణుమాధవ్‌ది. మొదటి ఇద్దరి కాలంలో సినిమా అంటే మద్రాసు, మూడో ఆయన కాలానికి అది హైదరాబాదుకు వచ్చేసింది. ముగ్గురూ వందల సినిమాల్లో ఇంకొకరు రాసిన మాటలు చెప్పారు. ఏదో ఒక దశలో ముగ్గురికీ నటన ఒక్కటే చాలలేదు. విఠలాచార్య జానపదాలతో ఇంటింటికీ తెలిసిన కాంతారావు నిర్మాత అయ్యారు. సొంత సినిమాల మీద పెట్టిన డబ్బు తిరిగి రాలేదు, చివరి రోజులు ఇబ్బందిగానే గడిచాయి. వేణుమాధవ్ కూడా 2008లో 'ప్రేమాభిషేకం' సినిమా నిర్మించారు. ఇద్దరూ డబ్బు సంచి పట్టుకుని నటన గడప దాటాలని చూశారు. ప్రభాకరరెడ్డి మాత్రం వేరే తోవ పట్టారు. ఈ వ్యాసం ఆ తోవ గురించి.

ప్రభాకరరెడ్డి ఉస్మానియాలో వైద్యం చదివిన మనిషి. 1960లో గుత్తా రామినీడు తీసిన 'చివరకు మిగిలేది'తో తెర మీదికి వచ్చారు. గంభీరమైన గొంతు, నిటారు మనిషి. పరిశ్రమ ఆయనకు జమీందారు, పోలీసు అధికారి, ప్రతినాయకుడు లాంటి వేషాలు అప్పజెప్పింది. ఆ వేషాలు వేస్తూనే ఆయన కథలు రాశారు. 1972లో వచ్చిన 'పండంటి కాపురం' కథ ఆయనదే. లక్ష్మీదీపక్ దర్శకత్వం వహించిన ఆ ఉమ్మడి కుటుంబం కథ ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది, తర్వాత హిందీకీ పోయింది. 1987లో 'మండలాధీశుడు' తీసేటప్పుడు ఆయనే దర్శకుడు. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను గుర్తుకు తెచ్చే పాత్రలో కోట శ్రీనివాసరావును నిలబెట్టిన సినిమా అది. దాని రాజకీయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడవలసింది వరస. ముందు నటన, ఆ తర్వాత రచన, ఆ తర్వాతే దర్శకత్వం. మధ్య మెట్టు మీద ఆయన చాలాకాలం నిలబడ్డారు. ఇవాళ హైదరాబాదులో సినిమా కార్మికులుండే చిత్రపురి కాలనీకి ఆయన పేరుంది. నల్లగొండ నేల నుంచి పోయిన నటుల్లో ఆయన గురించి తక్కువ మాట్లాడుకుంటామని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నటుడు దర్శకుడైతే పత్రికలు సాధారణంగా దాన్ని ప్రమోషన్‌లా రాస్తాయి. గుమాస్తా ఆఫీసరు అయినట్టు, కెమెరా ముందు నిలబడ్డవాడు కెమెరా వెనక కుర్చీకి ఎక్కాడని. ఈ లెక్క సరికాదని నా అభిప్రాయం. కుర్చీ మారినంత మాత్రాన పని మారదు. నటుడి బతుకులో అసలు లోటు ఒక్కటే: అతని నోట్లో మాట అతనిది కాదు. ఎలా నిలబడాలో, ఎక్కడ ఆగాలో, చివరికి ఏ యాసలో నవ్వించాలో కూడా ఇంకొకరు చెప్తారు. ఆ లోటు తీరేది సెట్టు మీద యాక్షన్, కట్ అని తను అరిచిన రోజున కాదు, తన మాట తను రాసుకున్న రోజున. నటన నుంచి దర్శకత్వానికి పోయే దారి కలం మీదుగా పోతుంది. మన సినిమాలో ఆ దారిన నడిచినవాళ్లు నిలబడ్డారు. దాన్ని తప్పించి అడ్డదారిన పోయినవాళ్లు ఎంత గొప్ప నటులైనా చాలావరకు దెబ్బతిన్నారు. దీనికి మన కాలంలో దొరికే గట్టి సాక్ష్యం నల్లగొండది కాదు, సిరిసిల్లది.

2007లో దిల్ రాజు నిర్మించిన 'మున్నా'లో టిల్లు అనే చిన్న హాస్య పాత్ర వేసిన కుర్రాడి పేరు ఎల్దండి వేణు. ఆ పాత్ర పేరే ఆయనకు ఇంటిపేరై, జనం టిల్లు వేణు అని పిలిచారు. తర్వాత ఏళ్ల తరబడి అలాంటి వేషాలే. హీరో పక్కన ఒకడు, కాలేజీ క్యాంటీన్‌లో ఒకడు, దెబ్బలు తిని నవ్వించేవాడు ఒకడు. 2013లో మొదలైన 'జబర్దస్త్' టీవీ కార్యక్రమంలో 'వేణు వండర్స్' పేరుతో ఒక బృందానికి నాయకుడయ్యారు. పదేళ్ల తర్వాత, 2023 మార్చి 3న, అదే దిల్ రాజు సంస్థ నుంచి 'బలగం' వచ్చింది. కథ రాసింది, దర్శకత్వం చేసింది వేణు. పెద్ద హీరో లేడు, విదేశీ పాట లేదు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు, మూడొద్దులకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు, ఐదొద్దులకూ ముట్టదు, పదకొండో రోజుకు ఊరంతా భయపడుతుంది. ఇంతే కథ. ఇరవై ఏళ్ల కింద విందులో బావకు నల్లి బొక్క వెయ్యలేదన్న కోపం ఒక ఇంటిని రెండుగా చీల్చింది. చచ్చిపోయినాయన ఆకలి ఆ చీలిక మీద ఆగి ఉంది. ఈ సినిమాకు ఫిల్మ్‌ఫేర్‌లో ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ దర్శకుడు పురస్కారాలు దక్కాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట ఇచ్చిన అవార్డుల్లో 2023కు ఉత్తమ చిత్రం ఇదే. కాసర్ల శ్యామ్ రాసిన 'ఊరు పల్లెటూరు' పాటకు జాతీయ అవార్డు వచ్చింది.

అవార్డుల కంటే పెద్ద సంగతి వేరే ఉంది. ఆ వేసవిలో తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందరో, బడి ఆవరణలోనో తెర కట్టి ఊరంతా కూర్చొని 'బలగం' చూశారు. టూరింగ్ టాకీసుల తర్వాత అలాంటి దృశ్యం అరుదు. మాటలు లేని అన్నదమ్ములు ఆ తర్వాత మాట్లాడుకున్నారన్న వార్తలు వచ్చాయి. ఎందుకిలా జరిగింది? కథ కొత్తది కాదు. చావు ఇంట్లో కొట్లాట ప్రతి ఊరికీ తెలుసు. చిట్యాల అయినా, సిరిసిల్ల అయినా పిట్ట ముట్టడం అంటే ఏమిటో, ముట్టకపోతే ఇంటి పెద్దల ముఖాలు ఎలా ఉంటాయో విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్తది ఏమిటంటే, దాన్ని చెప్పినవాడు చిన్న పాత్రల బరువు తెలిసినవాడు. శవం దగ్గర ఏడ్చే ఆడబిడ్డ ఏడుపుకు, పక్కన నిలబడి లెక్కలు వేసుకునే మనవడి మౌనానికి, గొడవలో ఒక్క మాట అని వెనక్కి తగ్గే ఊరి పెద్దకు ఈ సినిమాలో సమానమైన చోటు ఉంది. మనవడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు, నిశ్చితార్థం మీద ఆశ పెట్టుకున్నాడు, తాత చావు అతనికి ముందుగా దుఃఖం కాదు, అడ్డంకి. నాయకుడిని ఇలా మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి. తాతగా కేతిరి సుధాకర్ రెడ్డి, అల్లుడు నారాయణగా మురళీధర్ గౌడ్, కూతురు లక్ష్మిగా రూపలక్ష్మి, పెద్ద కొడుకుగా జయరాం. వీళ్లలో ఎక్కువమందిని అంతకుముందు జనం పేరుపెట్టి పిలవలేదు. ఏళ్ల తరబడి ఫ్రేము అంచున నిలబడ్డ మనిషి దర్శకుడైతే ఫ్రేము అంచు ఖాళీగా ఉండదు.

ఇక్కడ యాస సంగతి ఎత్తక తప్పదు. తెలుగు సినిమా దశాబ్దాలపాటు తెలంగాణ మాటను రెండే పనులకు వాడుకుంది: నవ్వించడానికి, భయపెట్టడానికి. 1998లో 'గణేష్'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో చెప్పిన ప్రతినాయకుడి మాటలు ఇప్పటికీ జనం అనుకరిస్తారు. కంకిపాడు నుంచి వచ్చిన నటుడు ఆ యాసను అంత పట్టుగా పలికించడం ఆయన గొప్పతనమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట ఎవరి నోట పెట్టారన్నది రచయిత, దర్శకుడు కలిసి తీసుకునే నిర్ణయం. ప్రేమ, దుఃఖం, నీతి వచ్చేసరికి పాత్ర నోట కోస్తా భాష. తాగుబోతుకో, రౌడీకో, పనివాడికో మన భాష. ఆ చిన్న వేషాలకు తెలంగాణ నటులనే పిలిచేవారు. తన తల్లి మాట్లాడే మాటను జోకుగా మార్చి చెప్పమంటే చెప్పినవాడికి, ఆ మాట ఎక్కడ కత్తిరిస్తే నవ్వు వస్తుందో తెలుసు, ఎక్కడ కత్తిరించకుండా వదిలేస్తే ఏడుపు వస్తుందో కూడా తెలుసు. 'బలగం'లో యాస అలంకారం కాదు. అందరూ అదే మాట్లాడుతారు కాబట్టి అది యాసగానే వినపడదు, ఇంటి మాటగా వినపడుతుంది. అందులో నవ్వు కూడా ఉంది, బాగానే ఉంది. ఆ నవ్వు మాట తీరును చూసి పుట్టింది కాదు, మనిషి స్వభావాన్ని చూసి పుట్టింది. ఈ తేడా బయటి నుంచి చదివి పట్టుకోవడం కష్టం. నోటితో ఏళ్లు చాకిరీ చేసినవాడికి అది చేతికి అందివస్తుంది.

దీనికి ఒక బలమైన ఎదురుమాట ఉంది. తెలంగాణ బతుకును నిజాయితీగా తెరకెక్కించిన సినిమాల్లో పెద్దవి నటులు తీసినవి కావు. 1980లో వచ్చిన 'మా భూమి' దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. మూలకథ కిషన్ చందర్ ఉర్దూ నవల. ఆ సినిమాకు వెన్నెముక అయిన బి. నరసింగరావు చిత్రకారుడు, కవి, సంగీతం తెలిసిన మనిషి. 1988లో ఆయన తీసిన 'దాసి' గడీలో ఆడపిల్ల బతుకును చూపి జాతీయ అవార్డు పొందింది. చిట్యాల మండలంలోని గుండ్రాంపల్లి రజాకార్ల కాలంలో నెత్తురు చూసిన ఊరు. అలాంటి ఊర్ల కథకు మొదటిసారి తెర మీద న్యాయం చేసింది తెలుగు కూడా రాని ఒక దర్శకుడు అన్నది నిజం. మరి నటుడికి మాత్రమే తెలిసేది ఏముంది? నా వాదన నటుడే తియ్యాలి అని కాదు. 'మా భూమి', 'దాసి' చరిత్రను చూపించిన సినిమాలు. వాటిలో మనుషులు ఒక కాలానికి, ఒక వ్యవస్థకు సాక్షులు. చూపు కాస్త దూరం నుంచి, నిలకడగా ఉంటుంది, ఉండాలి కూడా. 'బలగం' పని వేరు. అది ఒక ఇంట్లో పదకొండు రోజులు కూర్చొని ఎవరి గొంతు ఎప్పుడు పూడుకుపోతుందో వింటుంది. ఒకటి కళ్లతో తీసిన సినిమా, ఇంకొకటి చెవితో తీసిన సినిమా. రెండో దానిలో నటుడికి ముందడుగు ఉంది. ఎందుకంటే అతని పనిలో సగం ఎదుటివాడి డైలాగు అయ్యేదాకా వినడం. చిన్న వేషాలు వేసేవాడికైతే సగం కాదు, ముప్పాతిక అదే.

ఇంకో అభ్యంతరం పరిశ్రమ లోపలి నుంచి వస్తుంది. దర్శకత్వం నేర్చుకోవాల్సిన విద్య, క్లాపు కొట్టి, కంటిన్యుటీ రాసి, అసిస్టెంటుగా ఎండలో నిలబడి సంపాదించుకునే విద్య, దాన్ని దాటేసి నటుడు నేరుగా కుర్చీలో కూర్చుంటే ఆ చాకిరీ చేసినవాళ్లకు అన్యాయం అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. ఎల్.వి. ప్రసాద్ జీవితమే దీనికి ఉదాహరణగా చెప్తారు. 1931లో తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా', తొలి తమిళ టాకీ 'కాళిదాస్', 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', ఈ మూడింటిలోనూ చిన్న చిన్న వేషాలు వేసిన ఏలూరు ప్రాంతపు యువకుడు, ఎన్నో చాకిరీలు చేసి 1946లో 'గృహప్రవేశం'కు దర్శకుడయ్యాడు. 1949లో 'మన దేశం'తో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశాడు. ఆ పదిహేనేళ్ల ఓపికే ఆయన్ని చేసింది. కానీ ఓపికకు ఒకే ఒక్క రూపం ఉందనుకోవడం పొరపాటు. లెన్సు, లైటు, కట్టింగు పక్కన కెమెరామన్, ఎడిటర్ ఉండగా నేర్చుకోగలిగినవి. 'బలగం'కు ఆచార్య వేణు ఛాయాగ్రహణం, భీమ్స్ సంగీతం వెన్ను కాచాయి. ఏ కెమెరామనూ అప్పివ్వలేనిది, ఈ పాత్ర ఇప్పుడు మాట్లాడాలా వద్దా అన్న తీర్పు. వారం వారం స్కిట్ తయారుచేసే టీవీ బృందం నాయకుడికి ఆ తీర్పు తప్ప మరో పని ఉండదు. పది నిమిషాల్లో మొదలు, మలుపు, ముగింపు కుదరాలి, ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వకపోతే ఆ క్షణమే తెలిసిపోతుంది. టీవీ హాస్యంలో మోటుతనం ఉంది, ఆడవాళ్లనూ పల్లెవాళ్లనూ చిన్నచూపు చూసే జోకులు చాలా ఉన్నాయి, దాన్ని నేను సమర్థించడం లేదు. అయినా అది ఒక రాతబడి. అమెరికాలో జోర్డన్ పీల్ కూడా టీవీలో హాస్యపు స్కిట్లు చేసి చేసి, 2017లో 'గెట్ అవుట్' అనే భయానక చిత్రంతో దర్శకుడయ్యాడు. నల్లజాతి మనిషి తెల్లవాళ్ల ఇంట్లో నవ్వుతూ మోయాల్సిన భయాన్ని ఆ సినిమా చెప్పింది. ఆస్కార్ ఆయనకు వచ్చింది దర్శకత్వానికి కాదు, రాసిన స్క్రీన్‌ప్లేకు.

అగ్రహీరోల సంగతి ఏమిటని అడుగుతారు. ఎన్టీఆర్ పేరు చెప్పకుండా ఈ చర్చ సాగదు. 'దానవీరశూర కర్ణ' 1977లో వచ్చింది. దర్శకత్వం, నిర్మాణం, స్క్రీన్‌ప్లే ఆయనవే, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ఆయనే. దాదాపు నాలుగు గంటల సినిమా. మాటలు రాసింది కొండవీటి వెంకటకవి. కలం ఆయనది కాదు కదా, మరి నా లెక్క తప్పింది కదా అంటే, పూర్తిగా తప్పలేదు. పాతికేళ్లు పురాణ పాత్రలు వేసి వేసి ఎన్టీఆర్‌కు భారతం కంఠతా వచ్చిన గ్రంథం అయిపోయింది. దుర్యోధనుడి పక్షం నుంచి భారతాన్ని చూడాలన్న ఆలోచన నటుడి అనుభవంలోంచి పుట్టిందే, ఆ ఆలోచనకు సరిపడే మాటలు రాయగల కవిని వెతికి పట్టుకోవడం కూడా ఒక రచనే. మరోవైపు, కలం పట్టినా నిలబడని ఉదాహరణ కూడా చెప్పాలి. 2003లో పవన్ కల్యాణ్ తనే రాసి, దర్శకత్వం చేసి, నటించిన 'జానీ' జనానికి పట్టలేదు. అందులో చూసే తీరు, పోరాట దృశ్యాలు తీసిన పద్ధతి అప్పటి తెలుగు సినిమాకు కొత్త. అయినా ఎందుకు ఆగిపోయింది? హీరో తన కోసం రాసుకున్నప్పుడు కథ చుట్టూ ఒకే ఒక్క మనిషి తిరుగుతాడు. థియేటరుకు వచ్చిన అభిమాని ఇంకో రూపాన్ని ఆశిస్తాడు, ఆ రెండింటి మధ్య కథ నలిగిపోతుంది. అందుకే రాయడం తప్పనిసరి అన్నానే గానీ, రాస్తే చాలు అనలేదు. ఎవరి కోసం రాశాడన్నది కూడా చూడాలి.

నటీమణుల విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా, మరింత బాధగా కనిపిస్తుంది. భానుమతి 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీశారు, దర్శకత్వం ఆమెదే. భానుమతి మొదట రచయిత్రి. 'అత్తగారి కథలు' చదివినవాళ్లకు ఆమె మాట మీద ఆమెకు ఎంత పట్టు ఉందో తెలుసు. సెట్టు మీద ఎవరి మాటా పడని ధీమా ఆ పట్టులోంచి వచ్చింది. విజయనిర్మల తెలుగులో మొదటగా 1973లో తీసిన 'మీనా' యద్దనపూడి సులోచనారాణి నవల. పాఠకులు అప్పటికే గుండెలకు హత్తుకున్న రాతను ఆమె ఎంచుకున్నారు. ఆ తెలివి మీద నిలబడి 44 సినిమాలు తీశారు, ప్రపంచంలో ఎక్కువ సినిమాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఇక సావిత్రి. తెలుగు తెర మీద అంతటి నటి లేదు. 1968లో ఎక్కువమంది ఆడవాళ్లే పనిచేసిన బృందంతో, పి. లీల సంగీతంతో 'చిన్నారి పాపలు' తీశారు. తలపెట్టిన పని గొప్పది, డబ్బు మాత్రం రాలేదు. తర్వాత 'మూగ మనసులు'ను తమిళంలో 'ప్రాప్తం'గా తనే నిర్మించి, దర్శకత్వం చేసి, నటించారు. 1971లో వచ్చిన ఆ సినిమా ఆమెను ఆర్థికంగా కుంగదీసింది. 'మూగ మనసులు' ఆమె నటనకు పట్టం కట్టిన సినిమా, కానీ అది ఆదుర్తి సుబ్బారావు చూపుతో తయారైంది. తను గొప్పగా నటించిన కథ తన కథే అనుకోవడం నటులకు తేలిగ్గా పడే భ్రమ. సావిత్రి ప్రతిభలో లోపం ఉందని ఎవరూ అనలేరు. ఆమె పక్కన కూర్చొని, అమ్మా, ఇది నువ్వు చెప్పాలనుకున్న కథేనా అని అడిగే మనిషి లేకపోయారు. డబ్బు సంచి పట్టుకుని గడప దాటిన కాంతారావు కథకూ దీనికీ దగ్గరి పోలిక ఉంది.

'బలగం' అనే ఒక్క హిట్టును చూసి ఇంత చెప్పొచ్చా, రెండో సినిమాకు కదా అసలు పరీక్ష అనే ప్రశ్న మిగిలింది. న్యాయమైన ప్రశ్నే, దానికి రాహుల్ రవీంద్రన్ ప్రయాణం జవాబిస్తుంది. నటుడిగా మంచి పేరున్నా పెద్ద స్థాయికి చేరని ఆయన 2018లో 'చి.ల.సౌ.' రాసి తీశారు. ఒక్క రాత్రిలో జరిగే పెళ్లిచూపుల కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది, అదీ స్క్రీన్‌ప్లేకే. మరుసటి ఏడాది నాగార్జునతో తీసిన 'మన్మథుడు 2' ఒక ఫ్రెంచి సినిమాకు రీమేక్, అది నిలబడలేదు. 2025లో మళ్లీ సొంత కథతో 'ది గర్ల్‌ఫ్రెండ్'తో వచ్చి, ప్రేమ పేరుతో అమ్మాయి గొంతు ఎలా నొక్కుతారో చెప్పి, జనం చేత చర్చ పెట్టించారు. మనిషి అతనే, అనుభవం పెరిగిందే గానీ తగ్గలేదు. మధ్యలో మారిందల్లా కథ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. తనికెళ్ల భరణి కూడా ఇదే వరసలోని మనిషి. 1989లో 'శివ'కు మాటలు రాసి, అందులోనే నానాజీగా నటించి, ఏళ్ల తరబడి రెండు పనులూ చేసి 2012లో శ్రీరమణ కథ 'మిథునం'ను ఇద్దరే ఇద్దరు నటులతో తీశారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఒక పెరడు, వంటిల్లు. వాణిజ్య లెక్కలో ఎవరూ ఒప్పుకోని సాహసం. అవసరాల శ్రీనివాస్ 2014లో 'ఊహలు గుసగుసలాడే' రాసి తీసినప్పుడు కథానాయకుడి పాత్ర నాగశౌర్యకు ఇచ్చి, ఆ ప్రేమకు అడ్డుగా నిలిచే పాత్ర తను తీసుకున్నారు. ఆ ఒక్క ఎంపిక చూస్తే చాలు, రాసేవాడి మనసు ఎటు ఉందో తెలుస్తుంది.

నటులు దర్శకులయ్యే ఈ మార్పుకు ఒక ఆర్థిక కారణం కూడా ఉంది, దాన్ని దాచి కళ గురించి మాత్రమే మాట్లాడితే సగం మాటే అవుతుంది. హాస్యనటుడి బతుకు గాలివాటం. ఒకప్పుడు ప్రతి సినిమాలో హీరోతో సంబంధం లేని కామెడీ ట్రాకు విడిగా ఉండేది, దాని మీద ఎంతోమంది బతికారు. ఆ ట్రాకు పోయింది. నవ్వించే పని హీరోనే చేసుకుంటున్నాడు. పని తగ్గినప్పుడు నటుడి ముందు మూడు దారులు: ఊరికి తిరిగిపోవడం, ఎప్పుడు పిలుస్తారో తెలియని ఫోను కోసం ఎదురుచూడడం, తన పని తను పుట్టించుకోవడం. మూడోది ఎంచుకున్నవాడికి చేతిలో పెట్టుబడి ఉండదు, కథ ఒక్కటే ఉంటుంది. నిర్మాత ముందు కూర్చొని రెండు గంటలు కథ చెప్పాలి, అప్పుడు మాత్రం నటన తెలిసినవాడికి మేలు. ముసలాయనగా దగ్గి, ఆడబిడ్డగా ఏడ్చి, బావగా అలిగి చూపించగలడు. కాగితం మీద పది పేజీల్లో లేనిది అతని గొంతులో కనిపిస్తుంది. 'మున్నా'లో టిల్లు వేషం ఇచ్చిన నిర్మాత పదహారేళ్ల తర్వాత కాకి ముట్టని ముద్ద మీద సినిమా తియ్యడానికి ఒప్పుకున్నాడంటే, ఆ చెప్పిన తీరుకూ అందులో వాటా ఉందని ఊహించడం తప్పు కాదు. తెలంగాణ వచ్చాక ఇక్కడి బతుకు మీద సినిమా ఆడుతుందన్న నమ్మకం నిర్మాతలకు కుదరడం కూడా తోడైంది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల తన భాషలోనే ప్రేమించింది, కోపగించుకుంది. ఆ తలుపు అప్పటికే తెరుచుకుని ఉంది. దానిలోంచి ఎవరు లోపలికి వస్తారన్నదే మిగిలింది.

'బలగం' చివర్లో పదకొండో రోజున ఒక కథాగానం వస్తుంది. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. చచ్చిన మనిషి తరఫున బతికున్నవాళ్లతో మాట్లాడే పాట అది. సినిమా మొత్తానికి పతాక సన్నివేశం అదే అయినప్పుడు, హీరో చేత ఒక పెద్ద డైలాగు చెప్పించడం మన అలవాటు. ఇక్కడ ఇంటివాళ్లెవరికీ పెద్ద మాటలు లేవు. వాళ్లు కూర్చుని వింటారు. అన్నదమ్ముల ముఖాలు, ఆడబిడ్డ ముఖం, ఇరవై ఏళ్లు గడప తొక్కని అల్లుడి ముఖం. కెమెరా వాళ్ల మీదే ఎక్కువసేపు ఉంటుంది. వింటున్న ముఖం మీద కెమెరా అంతసేపు నిలిపే దర్శకుడు, ఒకప్పుడు ఎవరో మాట్లాడుతుంటే ఫ్రేము అంచున నిలబడి విన్నవాడే. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతు ఆ సినిమాలో ఉంది. బడి ముందర కట్టిన తెర మీద ఆ పాట వచ్చిన రాత్రుల్లో, తెరలో వింటున్నవాళ్లూ తెర ముందు నేల మీద కూర్చుని వింటున్నవాళ్లూ ఒకే తీరుగా తలవంచుకుని ఉన్నారు.